ఫోన్‌లో మాట్లాడుతున్నది ఎవరు?



ఆరోగ్య బీమా అమ్మడానికి వచ్చే ఏజెంటు తానెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చాడో చెప్పాలి. గుర్తింపు కార్డు చూపించాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2016లో తెచ్చిన నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది.

పాలసీ అమ్మేటప్పుడు ఉన్న ఈ పద్ధతి క్లెయిము వేళ మరింత గట్టిగా ఉండాలి. రోగి వార్డులో ఉంటాడు. భార్య బిల్లుల కౌంటరు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడుతుంది. బీమా కంపెనీ తరఫున ఒకరు ఫోన్ చేసి స్కానింగ్ రిపోర్టు పంపమంటారు. కాసేపటికి ఇంకొకరు ఫోన్ చేసి, అది చాలదు, పాత చీటీలు కూడా కావాలంటారు. మొదట మాట్లాడింది ఎవరని అడిగితే ఆమె ఏం చెప్పగలదు?

నగదు రహిత చికిత్సకు గంటలోపు, డిశ్చార్జి సమయంలో తుది అనుమతికి మూడు గంటలలోపు నిర్ణయం చెప్పాలని ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. గడువుతో పాటు జవాబుదారీతనమూ కావాలి. కంపెనీ ఉద్యోగి అయినా, కంపెనీ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ (టీపీఏ) ఉద్యోగి అయినా తన పేరు, ఐడీ నంబరు ముందుగా చెప్పడం తప్పనిసరి చేయాలి. ఉద్యోగి భద్రత దృష్ట్యా ఇంటిపేరు, సొంత ఫోన్ నంబరు అక్కర్లేదు.

ఈలోగా మనమే అడుగుదాం. పేరు, ఐడీ, తేదీ, సమయం రాసిపెట్టుకుందాం. ఎవరు ఏ పేరు చెప్పినా ఓటీపీ మాత్రం చెప్పొద్దు. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు కంపెనీకి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్‌లోనూ ఆ కార్యాలయం ఉంది. ఐఆర్‌డీఏఐ సహాయ కేంద్రం నంబరు 155255. ప్రీమియం కట్టిన ప్రతి ఒక్కరికీ తనతో మాట్లాడేది ఎవరో తెలుసుకునే హక్కు ఉండాలి.