తెలివిగలవారి గర్వము
(అమలాపురములో జరిగిన కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



వ్యాపారములో పైకి వచ్చినవారి గర్వమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును కోరిరి. మేము అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారము చేయు అన్నదమ్ములము. మమ్మునే ఉదాహరణగా నిలువబెట్టుటకు పిలిచిరేమో అని మొదట అనుమానపడితిమి.

చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్లిన భీమవరము వచ్చును. ఆ ప్రాంతమువారైన బి. రామలింగరాజుగారు 1987లో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ స్థాపించిరి. 2008 నాటికి అందులో యాబదివేలకు పైగా ఉద్యోగులుండిరి. మన పిల్లవానికి సత్యంలో ఉద్యోగమన్న ఆ రోజులలో ఎంత గొప్ప! 2005లో మన రాష్ట్రములో 108 అంబులెన్సు సేవను ఆరంభించినదియు ఆయనే. నెమ్మదిగా మాటలాడువారు, ఆడంబరము లేనివారు అని పేరు. గోదావరి జిల్లాల బిడ్డ అని మనమందరము చెప్పుకొంటిమి.

2008 డిసెంబరు 16న ఆ సంస్థ, ఆయన కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ సంస్థలను కొనుటకు నిశ్చయించెను. బోర్డులో పేరుపొందిన ఆచార్యులుండిరి; వారును సమ్మతించిరి. వాటాదారులు అభ్యంతరపెట్టగా గంటలలోనే ఆ ప్రయత్నము విరమించిరి. 2009 జనవరి 7న ఆయన వ్రాసిన లేఖ బయటికి వచ్చెను. పుస్తకములలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. నిజమైన లాభమునకును, చూపిన లాభమునకును మొదట ఉన్న భేదము చిన్నదేననియు, ఏటేట పెరిగినదనియు ఆయనే వ్రాసిరి. పులిపై స్వారీ చేయుచు దిగుటెట్లో తెలియనివానితో తన స్థితిని పోల్చుకొనిరి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో కలిపి పదిమందికి శిక్ష విధించెను. అప్పీలు మీద ఆ శిక్ష నిలుపుదల అయినది.

ఇందులో గర్వమెక్కడ? గట్టిగా మాటలాడుటలో లేదు. రాబోవు మూడు నెలలలో నా తెలివితో నేనే పూడ్చెదను, ఎవరికిని చెప్పనక్కరలేదు అనుకొనుటలో ఉన్నదని మా అభిప్రాయము. మందబుద్ధి యైనచో మొదటి నెలలోనే భయపడి ఎవరినైనను అడిగియుండును. తెలివిగలవానికి దేనికైనను ఒక కారణము దొరకును. చుట్టునున్నవారు చప్పట్లు కొట్టుచుండిరాయె! 2008 సెప్టెంబరులో ఆ సంస్థకు సుపరిపాలనకై గోల్డెన్ పీకాక్ బహుమానమిచ్చి, తరువాత తీసికొనిరి. మెడలో దండ వేసినవానిని లెక్క చూపుమని ఎవరడుగుదురు?

మా సంగతి. ఒక దింపు తరువాత మా గుమాస్తాగారు వచ్చి, పుస్తకములో ఉన్నన్ని కాయలు కొట్టులో లేవండీ అనిరి. ఆయన మా తండ్రిగారి నాటివారు. "మాకు లెక్కలు నేర్పుదువా?" అంటిమి, వయస్సులో పెద్దవారిని, కూలివారి యెదుట. ఆయన మారుమాటాడలేదు. రెండు నెలలకు తెలిసినది: కాయలు పోలేదు, ఒక లారీ సరుకును మేమే రెండుసార్లు వ్రాసికొంటిమి. కొనువారికి ఆ లెక్క చూపి బయానా కూడ తీసికొని యుంటిమి. తిరిగి ఇచ్చివేయుటకు ఒక ఏడాది పట్టెను. గుమాస్తాగారికి క్షమాపణ చెప్పుటకు అంతకంటె ఎక్కువ పట్టినది.

ఇప్పుడు ప్రతి శనివారము సాయంకాలము ఆయన లెక్క పైకి చదువుదురు, మేము నిలువబడి విందుము. మొన్నటి వారము 340 కాయలు తక్కువ వచ్చినవి. తప్పు మా పెద్దన్నగారిది.