రంగు తెలియాలంటే వెలుగు సరిగా ఉండాలి
(నాతవరం పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు కొందరు ఇంట్లోనే ప్రింటరు పెట్టుకుని ఫొటోలు, శుభలేఖలు వేస్తున్నారు. పెట్టుబడి చాలాసార్లు మన గ్రాట్యుటీ సొమ్మే. రంగు తేడా వచ్చిందని తిప్పి పంపితే కాగితం, ఇంకు దండగ. తప్పు ప్రతిసారీ ప్రింటరుది కాదు. చూసే దీపానిది కావచ్చు.

పట్టుచీర కొనేటప్పుడు మన ఆడవాళ్ళు గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు. ఇక్కడా అదే సూత్రం. 2700 కెల్విన్ పసుపు బల్బు కింద తాండవ జలాశయం ఫొటో చూస్తే నీళ్ళ నీలం మసకగా కనిపిస్తుంది. చాలలేదని నీలం పెంచితే, పగటిపూట అది ఎబ్బెట్టుగా ఉంటుంది.

వాట్లు కరెంటు ఖర్చు చెబుతాయి, రంగు సంగతి చెప్పవు. రంగును ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె సి.ఆర్.ఐ.; దానికి గరిష్ఠం 100. అది 90కి తగ్గకుండా, 5000 కెల్విన్ ఉన్న ఎల్.ఇ.డి. దీపం అడగండి. ముద్రణను పరిశీలించే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 3664 కూడా 5000 కెల్విన్ వెలుగునే తీసుకుంది.

కిటికీ వెలుగు గంటగంటకూ మారుతుంది కనుక తెర వేయండి. ఆకుపచ్చ గోడ తన ఛాయను కాగితం మీద పడేస్తుంది. తెలుపో బూడిద రంగో వేయించండి.

పిల్లల చేతికి సొమ్ముతోపాటు ఈ నాలుగు మాటలూ అందించండి. సెలవు.