ముప్పదికి ఎన్ని మార్కులు?



తండ్రిగారికి మతిమఱుపు వ్యాధి (డిమెన్షియా) పరీక్షలో 30కి 18 వచ్చినవని చీటీ చేతబట్టుకొని, పరీక్ష తప్పిన బాలుని తండ్రివలె దిగులుపడు కుమారులను జూచినపుడెల్ల, ఆ అంకె యెట్లు పుట్టినదో విప్పి చెప్పవలెననిపించును.

అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులును మెక్‌హ్యూగారును 1975లో ప్రకటించిన ఈ చిన్న పరీక్షలో దేశకాలములు తెలుపుటకు 10, మూడు మాటలను వెంటనే పలుకుటకు 3, కొంత తడవైన పిదప వానినే జ్ఞప్తికి దెచ్చుకొనుటకు 3, నూటినుండి ఏడేసి తీసివేయుటకు 5 మార్కులు. తక్కినవి భాషకును, ఒకదానిపై నొకటి పడిన రెండు పంచభుజములను చూచి గీయుటకును. 21 మొదలు 26 వరకు స్వల్పము, 10 మొదలు 20 వరకు మధ్యమము, అంతకు దిగువ తీవ్రమని యొక వాడుక గలదు.

ఆళ్ళగడ్డ ప్రాంతమున బడిమెట్టెక్కని రైతమ్మకు తేదీతో పనిలేదు, కార్తె యడిగినచో తడుముకొనక చెప్పును; నూటినుండి ఏడు తీయుమన్న తెల్లబోవునుగాని పత్తి తూకమున పైసా పోనీయదు. రోగమేమియు లేకయే ఆమెకు మార్కులు తగ్గును. ఆ యూరి శిల్పియో, వ్యాధి కొంత ముదిరినను, చేతి యలవాటుచే పంచభుజములను చక్కగా గీయవచ్చును. నంద్యాలలో విశ్రాంత ఉపాధ్యాయుడు 28 తెచ్చుకొని, ఇంటికిపోయి పాలవానికి రెండుమారులు డబ్బిచ్చుచుండవచ్చును.

ఈ చిక్కు నెఱిగియే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో శ్రమించిన పరిశోధకులు 1995లో ప్రకటించిన హిందీ పరీక్షయందు ఇరువదినుండి మూడేసి తీయించిరి. వాక్యము వ్రాయించుటకు మాఱుగా మీ యింటిని గూర్చి యేదేని చెప్పుడనిరి. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషలలో పరీక్షల సంపుటిని సిద్ధపఱచినది. కావున మన భాషలో సాధనము లేదను సాకు చెల్లదు.

అయినను తీవ్రతను తేల్చునది, నా మతమున, ఇంటివారి వాఙ్మూలమే. నిరుడు తానే చేసికొన్న యే పని నేడు చేయలేకున్నాడు? దారి తప్పుచున్నాడా, స్నానమునకు తోడు కావలెనా? వైద్యులు వాడు సి.డి.ఆర్. అను కొలమానము రోగినే గాక ఇంటివారిని గూడ ఇట్లే ప్రశ్నించి, 0 మొదలు 3 వరకు మెట్టు నిర్ణయించును. చెవుడు, మనోవ్యథ, థైరాయిడ్ లోపము, బి12 కొఱత కూడ మార్కులను దించగలవు. జ్వరమున నున్నవానిని పరీక్షించుట వృథా.

మఱియొకటి. నంద్యాలలో ఇంట ఉర్దూయు బజారున తెలుగును మాటలాడు కుటుంబములు గలవు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారును సహచరులును 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దానినిబట్టి, ద్విభాషులకు వ్యాధి సుమారు నాలుగున్నరేండ్లు ఆలస్యముగా పొడసూపినది. నిరక్షరాస్యులలోను ఈ భేదము కనబడినది. అడిగిన భాషనుబట్టియు మార్కులు మాఱవచ్చును గనుక, ఇట్టి ద్విభాషులను తొలుత ఏ భాషలో నడిగిరో, కొన్ని నెలల పిదప ఆ భాషలోనే అడుగుమనుడు. చీటీపై మార్కుల ప్రక్కన ఆ భాష పేరును, రోగి చదువును వ్రాయించుకొనుడు.