గర్భిణి కాళ్లలోని సిరలు – కూర్చునే హక్కు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"కాన్పులప్పుడు కాళ్లలో నరాలు తేలాయి" అని ఆడవాళ్లు చెప్పుకోవడం మనం వింటూనే ఉంటాం. అవి నరాలు కావు, సిరలు. కాళ్లనుంచి రక్తాన్ని గుండెకు చేర్చే నాళాలు. రక్తం వెనక్కి జారకుండా వాటిలో చిన్న కవాటాలుంటాయి.

గర్భం వచ్చిన తొలి వారాల్లోనే ప్రొజెస్టెరాన్ హార్మోను పెరిగి సిరల గోడలు సడలుతాయి. ఒంట్లో రక్తం కూడా పెరుగుతూ, చివరి నెలలకు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. పెరిగిన గర్భసంచి పొత్తికడుపులోని పెద్ద సిరల్ని నొక్కుతుంది. కాళ్లలో సిరలు సాగి వెడల్పయితే కవాటాల రెక్కలు ఒకదానికొకటి అందవు. రక్తం కిందే నిలిచిపోతుంది. కాన్పయిన కొన్ని నెలలకు చాలామందికి తగ్గుతుంది. కాన్పులు పెరిగేకొద్దీ తగ్గకుండా మిగిలిపోయేవీ పెరుగుతాయి. కొందరికి చీలమండ దగ్గర మానని పుండుదాకా పోతుంది. ఇది అందానికి సంబంధించిన గొడవని తీసిపారేసే డాక్టర్లకు కొదవలేదు!

ఒక్క కాలే వాచి నొప్పెడితే మాత్రం ఆగకూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. బాలింతకు తొలి ఆరు వారాల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

నడిస్తే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. బట్టల షాపు కౌంటరు వెనక కదలకుండా నిలబడే అమ్మాయికి ఆ సాయం లేదు. ఆమెకు చట్టం ఏమిచ్చింది? కాన్పుకు ముందు ఆరు వారాలు, వాటికి ముందు ఒక నెల – ఆమె సెలవులో లేకపోతే, తాను కోరితే, గంటల తరబడి నిలబడే పని చెప్పకూడదని 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో రాశారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. లెక్కేస్తే సుమారు 30వ వారం. సిరలు అప్పటిదాకా ఆగవు కదా! పైగా "కోరితే" అట. గర్భమని తెలిస్తే పని పోతుందని చున్నీ కప్పుకు తిరిగే అమ్మాయి ఎవర్ని కోరుతుంది?

కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు, పి. విజి అనే దర్జీ పనిచేసే స్త్రీ నాయకత్వంలో 'పెణ్‌కూట్టు'గా కూడి కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణాల చట్టాల్ని సవరించి కూర్చునే వీలు కల్పించాలన్నాయి. అక్కడ గర్భిణినని రుజువు చేసుకోనక్కర్లేదు. మనం అడగాల్సింది అదీ.

ఈసారి షాపులకు వెళ్లినప్పుడు చూడండి. స్టూలుందా అన్నది ఒక ప్రశ్న. దానిమీద కూర్చోనిస్తున్నారా అన్నది వేరే ప్రశ్న. రెండూ విడివిడిగా రాసుకురండి.