పెళ్లి మాటలకు ముందు ఒక రక్తపరీక్ష



ఒళ్లునొప్పులతో పదేపదే మంచం పట్టే పిల్లలను మన గూడేల్లో చూస్తూనే పెరిగాం. గాలి సోకిందనుకున్నాం, మొక్కులు మొక్కాం. వారిలో కొందరిది సికిల్ సెల్ జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. ఇది అంటురోగం కాదు, శాపం అంతకన్నా కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జన్యువు వస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్నవారు మామూలుగానే ఉంటారు. మలేరియా ముదరకుండా అది కొంత కాపాడుతుంది కూడా. అయితే అలాంటివారిద్దరు పెళ్లి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్లలోపు వారికి ఉచితంగా పరీక్ష చేసి కార్డు ఇస్తారు. కానీ కూలి పోతుందని మనం వెళ్లడం లేదు. వెళ్లినా, సంబంధం చెడుతుందని కార్డు దాస్తున్నాం. రేపు ఆ నొప్పి పడేది మన బిడ్డే. ఆసుపత్రికి జీపు కిరాయిలు కట్టేదీ మనమే.

ఆశా కార్యకర్తతో మాట్లాడి మన గూడెంలోనే పరీక్షలు పెట్టిద్దాం. ముందు మనం చేయించుకుందాం. పెళ్లి మాటల్లో కార్డుల మాట కూడా ఎత్తుదాం.

జై ఆదివాసీ!