గోపురము క్రింది నేల
(ఆలయ పునఃప్రతిష్ఠా మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆగమ విషయములను పండితులు సెలవిచ్చినారు. ఇంజనీరునైన నేను చెప్పదగినది నేలను గూర్చియే. 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమున 5.7 తీవ్రతతో భూమి కంపించినది. తల్లాడ వృద్ధులలో కొందరికి ఆ కదలిక జ్ఞప్తియందుండవచ్చును. 2024 డిసెంబరు 4 ఉదయమున ములుగు జిల్లాలో పుట్టిన 5.3 తీవ్రతగల కంపము పిల్లలకును తెలియును. గోదావరి లోయకు ఇది క్రొత్త కాదు.

అయితే ఒకే కంపము అన్నిచోట్ల ఒకే రీతిగా ఉండదు. రాతిలో సాగివచ్చిన తరంగము మెత్తని మన్నులో ప్రవేశించగానే వేగము తగ్గి, ఊపు పెరుగును. 1985లో మెక్సికో నగరము భూకంప కేంద్రమునకు 350 కిలోమీటర్లకు పైగా దూరమున ఉండియు, పూర్వపు సరస్సు అడుగుమట్టిపై కట్టిన భాగము ఘోరముగా దెబ్బతిన్నది. గుడిగంటకు తనదైన నాదమున్నట్లే మట్టిపొరకును తనదైన ఊపు ఉన్నది. ఇరువది మీటర్ల మన్నులో కోత తరంగము సెకనుకు 200 మీటర్లు పోవునేని, ఆ పొర సెకనుకు రెండున్నర పర్యాయములు ఊగజూచును. పైనున్న కట్టడపు ఊపు దానితో శ్రుతి కలిసినచో అపాయము. సంగీతమున కోరుకొను శ్రుతి ఇచట కూడదు!

దీనిని లెక్కించుటకు భూకంపపు నమోదును స్వరములుగా విడదీసి, ఒక్కొక్క స్వరమును మట్టి ఎంత పెంచునో అంతతో గుణించి, మరల ఒక్కటిగా కూర్చుదురు. విడదీయు గణితము ఫూరియే మహాశయునిది. 4096 బిందువుల నమోదును నేరుగా విడదీయుటకు 1,67,77,216 గుణకారములు కావలెను. 1965లో కూలీ, టూకీ ప్రకటించిన శీఘ్ర పద్ధతిలో సుమారు యాభైవేలు చాలును. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1972లో వెలువడిన ‘షేక్’ అను ప్రోగ్రాము ఈ మార్గముననే నడచినది.

ఇంత తొందర ఎందులకు? కుదుపు బలమైనకొలది మన్ను మెత్తబడును. మెత్తబడిన మన్నుతో లెక్క మరల మొదలు. ఫలితము నిలకడకు వచ్చువరకు ఇట్లే. ఒక్క నమోదుతో తృప్తిపడరాదు, మట్టి కొలతలలోని హెచ్చుతగ్గులనుకూడ పరీక్షింపవలెను. అప్పుడు లెక్కలు వందలగును.

అయినను మట్టి వివరములు మనమీయనిదే కంప్యూటరు ఏమి చేయగలదు? గట్టినేలయే గదా యని పారతో తట్టి చూచుట చాలదు. రెండవ దశలో రాజగోపురము తలపెట్టినారు గనుక, శంకుస్థాపనకు మున్నే బోరు వేయించి, పొరపొరకు తరంగవేగము కొలిపించవలసినదిగా నిర్మాణసంఘమువారిని ప్రార్థించుచున్నాను. ఆ కొలతలు చేతికి వచ్చిన దినమున లెక్క వేయుట నా వంతు.