యుద్ధకాలంలో మన ఫుట్‌బాల్

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. 1943లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బెంగళూరు వెళ్లి, ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించింది. దేశాన్ని ఏలుతున్నవాళ్ల సైనికుల మీద మనవాళ్లు గెలవడం ఆ రోజుల్లో మామూలు మాట కాదు.

ఆ ఏడాదే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివిన బడిపంతులు. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే కొట్టాలని ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవారు. బంతిని కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ కూర్చోకుండా, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలనే నియమంతో ఇంకొన్ని. ఎంత ముందుచూపు! తర్వాత ఆయన శిక్షణలోనే పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే 1956 ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది.

మొదటి షిఫ్టు దిగి, సాయంత్రం పిల్లలకు బంతి నేర్పే అన్నలారా, రేపు వాళ్లచేత కాసేపు ఎడమకాలితో ఆడించండి.